మా జీపు క్యారియరుకు నీలం రంగు

హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని వార్డెన్ గారు కబురు పెట్టినప్పుడు ఏం రాయాలా అని చాలా రోజులు ఆలోచించాము. మా ముందు బ్యాచ్‌ల అన్నలు క్రమశిక్షణ గురించి, కాలం విలువ గురించి, గ్రంథాలయం గురించి ఎంతో చక్కగా రాశారు. వాటికంటే బాగా మేము రాయలేము. అందుకే మా చేతులతో చేసిన ఒక పని గురించి రాస్తున్నాము. తుప్పు పట్టిన జీపు క్యారియరును మళ్ళీ నిలబెట్టిన సంగతి ఇది. ఇందులో ఏముంది అనుకోకండి తమ్ముళ్ళూ, చివరిదాకా చదవండి. మీ ట్రంకు పెట్టెలకు కూడా పనికొస్తుంది.

మేమంటే అన్నదమ్ములం ఇద్దరం. రాస్తున్నది పెద్దవాడు. వయసు ఇరవై మూడు, ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ చదివాడు, మా ఇంట్లో డిగ్రీ పట్టా తెచ్చిన మొదటి మనిషి. చిన్నవాడు ఐ.టి.ఐ. చేశాడు. ఇద్దరం ఈ హాస్టల్ అన్నం తిన్నవాళ్ళమే. ‘నేను’ అని రాయబోతే కలం సాగడం లేదు. ఇక్కడ పళ్ళెం, గ్లాసు, పెట్టె తప్ప మిగతావన్నీ ‘మావి’ అనుకొని పెరిగాం కదా. ఈ పని కూడా ఇద్దరం కలిసి చేసిందే.

2012 జూన్‌లో మేము మొదటిసారి ఈ హాస్టల్‌కు వచ్చాము. పెద్దవాడు అయిదో తరగతి, చిన్నవాడు మూడో తరగతి. మా ఊరి నుంచి ఇక్కడికి పద్నాలుగు కిలోమీటర్లు. అప్పట్లో బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మిగతా వేళల్లో ఒక కమాండర్ జీపే దిక్కు. ఆ జీపు వేరొకరిది, నడిపేది మాత్రం మా నాయన. రోజుకు ఇంత అని బత్తా ఇచ్చేవారు. ఆ రోజు మా రెండు ట్రంకు పెట్టెలు, ఒక బొంత, ఒక బకెట్టు క్యారియరు మీద పెట్టాక మేము లోపల ఎక్కబోయాము. వెనక ఇద్దరికి చోటుంది. ముందు సీట్లో కూర్చున్న ఓనరు వెనక్కి తిరిగి, “మీరు పైకెక్కండిరా” అన్నాడు. మేము నాయన వైపు చూశాము. ఆయన స్టీరింగు మీద చేతులు పెట్టుకొని ఎదురుగా రోడ్డు వైపు చూస్తున్నాడు. ఒక్క క్షణం ఆగి, “గట్టిగా పట్టుకోండి నాయనా” అన్నాడు. అంతే.

ఆ పద్నాలుగు కిలోమీటర్లూ క్యారియరు పైపులు పట్టుకొని కూర్చున్నాము. దిగేటప్పటికి అరచేతులు ఎర్రగా ఉన్నాయి. రక్తమేమో అనుకొని చిన్నవాడు ఏడ్చాడు. రక్తం కాదు, తుప్పు. హాస్టల్ కొళాయి దగ్గర కడుక్కొని లోపలికి వచ్చాము. తుప్పుతో మాకు మొదటి పరిచయం అదే.

తరువాత చాలా మారింది. 2016లో ఆ ఓనరు కొత్త బండి కొనుక్కొని జీపు అమ్మజూపాడు. నాయన కొంత దాచింది, కొంత అప్పు తెచ్చింది కలిపి దాన్నే కొన్నాడు. మా పేటలో సొంత బండి ఉన్న మొదటి ఇల్లు మాది అయింది. మేము సెలవులకు వెళ్ళినప్పుడల్లా జీపు కడగడం మా పని. ఇంజను బాగుండేది, సీట్లు మార్పించాడు. క్యారియరు మాత్రం ఏడాదికేడాది దిగజారుతూ వచ్చింది.

అసలు ఎందుకు అంత తుప్పు? చదువుకున్నాక మాకు అర్థమైంది. ఇనుముకు నీరు, ఆక్సిజన్ రెండూ తగిలితేనే తుప్పు పడుతుంది. నీటిబొట్టు కింద ఒకచోట ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి కరుగుతుంది. బొట్టు అంచు దగ్గర గాలిలోని ఆక్సిజన్ ఆ ఎలక్ట్రాన్లను అందుకుంటుంది. అంటే ప్రతి నీటిబొట్టూ ఒక చిన్న బ్యాటరీ. ఆ నీటిలో ఉప్పు కలిస్తే బ్యాటరీ ఇంకా జోరుగా పనిచేస్తుంది. మా క్యారియరు మీద ఎక్కువగా వెళ్ళేవి ఎరువుల బస్తాలు. పొటాష్ అంటే పొటాషియం క్లోరైడు, అదీ ఒక ఉప్పే. చినిగిన బస్తా నుంచి రాలిన పిడికెడు పొటాష్, దాని మీద నాలుగు చినుకులు చాలు.

ఇంకొక సంగతి. అల్యూమినియం మీద ఏర్పడే ఆక్సైడు పలచగా, గట్టిగా అతుక్కొని లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఇనుము తుప్పు అలా కాదు. తాను తిన్న ఇనుము కంటే రెండు రెట్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది, పెచ్చులుగా లేస్తుంది, గుల్లగా ఉండి నీటిని పీల్చుకుంటుంది. అందుకే తుప్పు మీద రంగు వేస్తే రంగును కింది నుంచి ఎత్తేస్తుంది.

ఇదంతా తెలిసి కూడా మేము ఆ తప్పే చేశాము. 2022 సంక్రాంతి సెలవుల్లో, పెద్దవాడు డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా, ఒక నల్ల రంగు డబ్బా, బ్రష్షు తెచ్చి పైపైన ఎమరీ పేపరుతో రుద్ది ఒక పూటలో వేసేశాము. చూడ్డానికి నిగనిగలాడింది. నాయన మురిసిపోయి పదిమందికి చూపించాడు. దసరా వచ్చేసరికి బొబ్బలు లేచాయి. గోటితో గీరితే రంగు కింద ఎర్రటి పొడి. నాయన ఏమీ అనలేదు గానీ ఒక మాట అడిగాడు. “మీ పుస్తకాల్లో తుప్పు గురించి ఉంటుందా?” ఉంటుందన్నాము. “మరి రంగు వేసేటప్పుడు చూసుకోలేదా?” అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. మేము జవాబు చెప్పలేదు. పరీక్షలో తుప్పు సమీకరణానికి పూర్తి మార్కులు తెచ్చుకున్న చెయ్యే ఆ రంగు వేసింది.

2024 ఏప్రిల్‌లో అసలు దెబ్బ తగిలింది. వేరుశనగ బస్తాలు ఎత్తుకొని వస్తుండగా క్యారియరు అడ్డపైపు ఒకటి విరిగి బస్తా రోడ్డు మీద పడింది. వెనక ఎవరూ రాలేదు కాబట్టి సరిపోయింది. అప్పటికే పాదాల బోల్టుల దగ్గర కారే తుప్పు నీళ్ళు లోపల కూర్చున్నవాళ్ళ బట్టల మీద పడి మరకలవుతున్నాయని జనం ఆటోల వైపు పోతున్నారు. పైగా ఆ నెలలోనే ఫిట్‌నెస్‌కు వెళ్ళాలి. పాత బండి కాబట్టి ఏడాదికొకసారి తప్పదు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూసి, దీన్ని సరిగా బాగు చేయించు, లేదా తీసెయ్యి అన్నాడు. గడువు ఇచ్చాడు.

మేము తీసేద్దామనే అన్నాము. పాత ఇనుముకు వేస్తే ఎంతో కొంత వస్తుంది. నిజం చెప్పాలంటే ఆ క్యారియరును చూస్తే మాకు 2012 గుర్తొచ్చేది. అది కంటికి కనబడకుండా పోతే బాగుండును అనిపించేది. నాయన ఒప్పుకోలేదు. కొత్తది చేయిస్తే పన్నెండు వేలు అడిగారు, అదొక కారణం. రెండో కారణం రాత్రి అన్నాల దగ్గర చెప్పాడు.

“ఆ రోజు వాడు మిమ్మల్ని పైకెక్కమంటే నేను నోరు తెరవలేదు. తెరిస్తే బండి పోతుంది, బండి పోతే మీ హాస్టల్ పోతుంది. పద్నాలుగు కిలోమీటర్లూ నేను రెండో గేరు దాటలేదు. డీజిలు ఎంత తాగిందని సాయంత్రం వాడు తిట్టాడు. దాని మీదే కదా మీరు చదువుకు పోయింది. అది నా బండి మీద ఉండాల్సిందే. కాకపోతే దాని మీద మనుషులు ఎక్కరు, అంతే.”

పన్నెండేళ్ళుగా ఆ రోజును మేము ఒక రకంగా గుర్తుపెట్టుకున్నాము. నాయన మౌనంగా ఉన్నాడనే గుర్తు. ఆయన మెల్లగా నడిపాడన్నది మాకు తెలియనే తెలియదు. ఆ రాత్రే అనుకున్నాము, ఈసారి చదివినదంతా పెట్టి పని చెయ్యాలని.

పనిలో దిగాక పుస్తకం కంటే ముందు నాయన చెవి పనికొచ్చింది. బోల్టులకు డీజిలు పోసి ఒక రాత్రి నానబెట్టాము. ఎనిమిదింటిలో అయిదు ఊడాయి, మూడు గ్రైండరుతో కోయాల్సి వచ్చింది. క్యారియరును కింద దించి ఇటుకల మీద పెట్టాక నాయన స్పానరుతో ఒక్కో పైపునూ తట్టుకుంటూ పోయాడు. మంచి పైపు ఖంగుమంటుంది, లోపల తిన్న పైపు బద్దగా మోగుతుంది. రెండు అడ్డపైపులు అలా దొరికాయి. పైకి అవే అన్నిటికంటే బాగున్నట్టు కనబడ్డాయి! పైపుల లోపల నీళ్ళు నిలిచి లోపలి నుంచి తిన్నాయి. ఆ రెండూ కోసేసి కొత్తవి వెల్డింగు పెట్టించాము. నీళ్ళు కారిపోయేందుకు అన్ని పైపులకూ కిందివైపు సన్నని రంధ్రాలు వేశాము.

తరువాత తుప్పు గీకడం. నాలుగు రోజులు పట్టింది. గ్రైండరుకు వైర్ బ్రష్షు బిగించి పెచ్చులు తీశాము, మూలల్లో చేతి బ్రష్షు, ఆపైన 80 నంబరు, 180 నంబరు ఎమరీ పేపర్లు. రంగు నిలిచేది రంగు డబ్బాలో లేదు, ఈ నాలుగు రోజుల్లో ఉంది. ఒకసారి బుద్ధి తక్కువై నీళ్ళతో కడిగాము. గంట తిరగకముందే తెల్లగా మెరిసిన ఇనుము మీద పసుపు చల్లినట్టు కొత్త తుప్పు. మళ్ళీ రుద్ది, ఈసారి థిన్నరు గుడ్డతో తుడిచాము.

ఎంత గీకినా గుంటల్లో కొంచెం తుప్పు మిగిలిపోతుంది. దానికి రెండు మందులున్నాయని చదువుకున్నాము. ఒకటి ఫాస్ఫారిక్ ఆమ్లం. అది తుప్పును ఇనుప ఫాస్ఫేటుగా మార్చి బూడిదరంగు పొర కడుతుంది. ఢిల్లీ మెహ్రౌలీలోని ఇనుప స్తంభం సుమారు 1600 ఏళ్ళుగా ఎండకూ వానకూ నిలబడి ఉంది కదా. ఐ.ఐ.టి. కాన్పూరు ఆచార్యులు ఆర్. బాలసుబ్రమణ్యం దాని మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేశారు. ఆ ఇనుములో ఫాస్ఫరస్ ఎక్కువగా ఉండడం వల్ల ఏర్పడిన ఫాస్ఫేటు పొర దాన్ని కాపాడుతోందని ఆయన వివరించారు. రెండో మందు టానిన్. అది తుప్పుతో కలిసి నీలి నలుపు రంగు ఐరన్ టానేటు అవుతుంది.

టానిన్ అనగానే పెద్దవాడికి తంగేడు చెక్క గుర్తొచ్చింది. తంగేడు బెరడులో టానిన్ దండిగా ఉంటుంది. చేను గట్టు మీది తంగేడు బెరడు తెచ్చి కుండలో మరిగించి, ఆ కషాయాన్ని ఒక తుప్పు ముక్కకు పూశాము. చూస్తుండగానే ఎర్రటి తుప్పు నల్లబడింది. అరుగు మీద కూర్చున్న మా అవ్వ అది చూసి, “ఇదేందిరా, లందలో ఇనుప కత్తి పడితే వచ్చే నలుపు కదా ఇది” అంది.

మా తాత తోలు ఊనేవాడు. మేము పుట్టేనాటికే ఆ పని మానేశారు, లంద పూడిపోయింది. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తేవారు కాదు. హాస్టల్లో మొదటి రోజుల్లో తాత ఏం చేసేవాడని ఎవరైనా అడిగితే, కూలి అని చెప్పేవాళ్ళము. ఆ రోజు అవ్వ చెప్పుకుంటూ పోయింది. తోలును సున్నంలో వేసి వెంట్రుకలు తీయడం, వారాల తరబడి తంగేడు చెక్క నీళ్ళల్లో ఊరబెట్టడం, ఆ నీళ్ళకు ఇనుము తగలనిచ్చేవాడు కాదట తాత. తగిలితే తోలు మీద నల్ల మచ్చలు పడతాయి, బేరం పోతుంది. కొత్తగా పనికొచ్చిన పిల్లలు ఇనుప చెంబు ముంచితే కేకలేసేవాడట.

మేము ఇద్దరం మొహాలు చూసుకున్నాము. ఐరన్ టానేటు ఎందుకు నల్లగా ఉంటుందో యూనివర్సిటీలో ఒక సెమిస్టరు చదివాము. సంతకం తప్ప రాయడం రాని మా తాత దానితోనే బతికాడు. సమీకరణం ఆయనకు తెలియదు. కానీ ఏది తగిలితే ఏమవుతుందో తెలుసు. కలంకారీ బట్ట మీది నలుపు కూడా ఇదే తోవలో వస్తుంది. కరక్కాయ పట్టించిన బట్ట మీద తుప్పు ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్ళతో గీస్తారు. దాన్ని కళ అన్నారు. తాత చేసినదాన్ని దాచిపెట్టమన్నారు. రసాయనం రెండుచోట్లా ఒకటే.

క్యారియరు మొత్తానికి తంగేడు పూయలేదు. అది ఎంతకాలం నిలుస్తుందో చూడకుండా నాయన బతుకుదెరువు మీద ప్రయోగం చెయ్యకూడదు కదా. అంగట్లో దొరికే ఫాస్ఫారిక్ ఆమ్లపు రస్ట్ రిమూవరే చేతులకు రబ్బరు తొడుగులు వేసుకొని పూశాము. పరీక్ష కోసం కోసేసిన పాత పైపు నుంచి మూడు ముక్కలు తీసి పెట్టుకున్నాము.

ఇక పూత. పౌడర్ కోటింగు గట్టిది. పొడిని విద్యుదావేశంతో అంటించి 180 నుంచి 200 డిగ్రీల దగ్గర కాలుస్తారు. మా ఏడడుగుల క్యారియరు వాళ్ళ పొయ్యిలో పట్టలేదు. అందుకని రెండు డబ్బాల పద్ధతి ఎంచుకున్నాము. కింద ఎపాక్సీ ప్రైమరు, పైన పాలియురెథేన్, అంటే షెడ్డువాళ్ళు పీయూ అనే రంగు. రెండింటికీ రంగు ఒక డబ్బాలో, హార్డెనరు ఒక డబ్బాలో వస్తాయి. కలిపాక రసాయనికంగా ముడిపడి గట్టిపడతాయి. అందుకే మామూలు ఎనామిల్ కంటే ఎక్కువకాలం నిలుస్తాయి. ఎపాక్సీ ఇనుమును బాగా పట్టుకుంటుంది, నీటిని అడ్డుకుంటుంది. కానీ ఎండకు సున్నంలా పొడి రాలుతుంది. పీయూ ఎండకు ఆగుతుంది. ఒకదాని లోపం ఇంకొకటి కప్పుతుంది.

మార్కాపురంలో పెయింటింగ్ షెడ్డు మేస్త్రీ తన కంప్రెసరు, గన్ను అద్దెకు ఇచ్చి దగ్గరుండి నేర్పాడు. మే నెల ఎండలో గన్ను నుంచి వచ్చిన రంగు ఇనుముకు తగిలేలోపే ఎండి గరుకుగా పడుతుందని, పొద్దున ఆరు నుంచి ఎనిమిది లోపే వెయ్యమన్నాడు. ప్రైమరు కొంచెం కొంచెంగా కలుపుకొమ్మని కూడా చెప్పాడు. మేము వినలేదు. లీటరంతా ఒకేసారి కలిపి, ఒక కోటు వేసి, అన్నం తిని పడుకున్నాము. సాయంత్రం చూస్తే డబ్బాలో తాటిముంజెలా గడ్డకట్టి ఉంది. మేస్త్రీ నవ్వి, “ఎమ్మెస్సీ సారూ, ఇది మీ పుస్తకంలో లేదా?” అన్నాడు. ఉంది. మళ్ళీ ఇంకో సెట్టు కొన్నాము.

ఒక్క విషయంలో మాత్రం మేము మేస్త్రీకి చెప్పాము. పీయూ హార్డెనరులో ఐసోసయనేట్లు ఉంటాయి. ఆ తుంపరలు పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, ఆస్తమా పట్టుకోవచ్చు. ఆయన ఇరవై ఏళ్ళుగా ముక్కుకు చేతిరుమాలు కట్టుకొని పని చేస్తున్నాడు. రుమాలు దుమ్మును ఆపుతుందేమో గానీ ఆవిరిని ఆపదు. గొట్టాలున్న మాస్కు 450 రూపాయలకు కొన్నాము. పని అయ్యాక దాన్ని ఆయన దగ్గరే వదిలి వచ్చాము. గొట్టాలు మారుస్తుండాలని కూడా చెప్పాము. మొదట్లో ఊపిరాడట్లేదని తీసేశాడు. తరువాత వాడుతున్నాడని విన్నాము.

రంగు ఎంపిక నాయనదే. నీలం. నల్లరంగు అయితే మురికి కనబడదు కదా అన్నాము. వద్దన్నాడు. కారణం మేము అడగలేదు, ఆయన చెప్పలేదు. మా పేట మొగదల ఉన్న అంబేద్కర్ విగ్రహం కోటు రంగు అది.

ఖర్చు లెక్క తమ్ముళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాము. రస్ట్ రిమూవరు 280, బ్రష్షులు, ఎమరీ పేపర్లు 320, ప్రైమరు రెండు సెట్లు (పాడైనది కలిపి) 1,500, పీయూ 1,150, థిన్నరు 400, వెల్డింగు, రెండు పైపులు 600, జీఐ బోల్టులు, రబ్బరు, సిలికాను 350, కంప్రెసరు అద్దె 500, మాస్కు 450. మొత్తం 5,550 రూపాయలు. పెద్దవాడు ట్యూషన్లు చెప్పి దాచినది మూడు వేలు, మిగతాది చిన్నవాడి మొదటి జీతం. నాయన చేత ఒక్క రూపాయి పెట్టనివ్వలేదు. పూత వారం రోజులు ఆరనిచ్చి, పాదాల కింద పాత ట్యూబు రబ్బరు వేసి, బోల్టు రంధ్రాలకు సిలికాను పట్టించి బిగించాము. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చేత్తో ఊపి చూసి, ఎక్కడ చేయించావని అడిగాడట. “మా పిల్లలు చేశారు సార్, ఒకడు ఎమ్మెస్సీ, ఒకడు ఐటీఐ” అని నాయన చెప్పాడట. ఈ మాట ఆయన మాకు ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

ఆ మూడు ముక్కల సంగతి. ఒకదానికి తుప్పు మీదే రంగు, రెండోదానికి తంగేడు కషాయం పూసి రంగు, మూడోదానికి ఆమ్లం, ఎపాక్సీ, పీయూ వేసి ఇంటి చూరుకు బయటివైపు వేలాడదీశాము. 2024, 2025 వానలు రెండూ తిన్నాయి. మొదటిది మొదటి ఏడాదే బొబ్బలెత్తింది. తంగేడు ముక్క అంచుల దగ్గర తుప్పు పట్టింది, మధ్యలో బాగానే ఉంది. మూడోది మేకు గుచ్చిన చోట తప్ప చెక్కుచెదరలేదు. తాత మందు పూర్తిగా గెలవలేదు, అలాగని ఓడిపోనూ లేదు. ఆ ముక్కను పారెయ్యకుండా మా పుస్తకాల పక్కన పెట్టుకున్నాము. ఇప్పుడు ఎవరైనా అడిగితే మా తాత తోలు పని చేసేవాడని చెబుతున్నాము.

తమ్ముళ్ళకు రెండు మాటలు. మీ ట్రంకు పెట్టెను నేల మీద పెట్టకండి, రెండు ఇటుకల మీద పెట్టండి. తడి తువ్వాలు, తడి సబ్బు అందులో వేయకండి. తుప్పు కనబడితే రంగుతో కప్పకండి, ముందు గీకండి. కప్పిన తుప్పు కింది నుంచి తింటూనే ఉంటుంది. ఇది పెట్టెకే కాదు, మనం ఇంటి గురించి సిగ్గుపడి దాచుకునే మాటలకు కూడా వర్తిస్తుందని మాకు ఆలస్యంగా తెలిసింది.

మొన్న జూన్‌లో మా పేట నుంచి నలుగురు పిల్లలు కొత్తగా ఈ హాస్టల్‌లో చేరారు. నాయనే జీపులో తెచ్చి దింపాడు. నలుగురి పెట్టెలు, బొంతలు, బకెట్లు నీలం క్యారియరు మీద ఉన్నాయి. పిల్లలు నలుగురూ లోపల సీట్లలో కూర్చొని వచ్చారు.